పలకరింపు సైటూ, ఏడు హోటళ్ళ అమ్మగారూ

నాలుగు గంటల టీకి లిఫ్టు మెకానిక్కు వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడంటే, ఆ పూట ఎవరి పనీ వేళకి తెమలదని టీ కొట్టు అక్కకి తెలుసు. టీ ఒక గుక్క తాగితే కోతలు పది కోస్తాడు. ఎదురుగా ఉన్న తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో రెండు లిఫ్టులూ ఆయన చేతి కిందే నడుస్తాయి. పనిమంతుడే. లిఫ్టు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. అయితే ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు. చేతనైన పని గురించి గొప్పలు చెప్పుకోవడం ఆయనకి నామోషీ. ఆయన గొప్పలన్నీ సైటు గురించే.

సైటు పేరు పలకరింపు. జనం చేరి, ఫోటోలు పెట్టుకుని, కబుర్లాడుకునే సైటు. ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో తనే కట్టాడు. కట్టిన మాట మాత్రం నిజం, అందులో కోతేమీ లేదు. దానికొక నియమం పెట్టాడు. కొత్తగా ఎవరు చేరినా, లోపలున్న పాతవాళ్ళందరూ ఒక్కొక్కరుగా వచ్చి పలకరించాలి. అందరూ పలకరించేదాకా కొత్తవాళ్ళకి లోపలి తలుపు తెరుచుకోదు. చుట్టాలింటికి వెళ్తే గుమ్మంలో నిలబెట్టి మంచీ చెడ్డా అడుగుతారు చూడండి, అలాగన్నమాట. ఇంత మర్యాద ఉన్న సైటు ప్రపంచంలో ఇంకొకటి లేదని ఆయన అంటాడు. అక్క కూడా లోలోపల ఔననే అనుకుంటుంది.

ఆరోజు ఆయన ఒక్కడే రాలేదు. వెంట బక్కపల్చటి కుర్రాడిలా కనిపించే మనిషిని తీసుకొచ్చాడు. ముప్ఫై దాటినా మీసం సరిగా రాని మొహం, వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి, చొక్కా జేబులో మడిచిన కాగితం.

"మా బామ్మర్ది," అని బల్లల మీద ఉన్నవాళ్ళకి పరిచయం చేశాడు మెకానిక్కు. ఉన్నది ఇద్దరే, పక్క కొట్టు టైలరూ, రిటైరైన లెక్కల మాస్టారూ. "కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీస్తాడు. పదకొండేళ్ళ నుంచీ అదే కొట్టు, అదే బల్ల. వీడు అరగదీసిన అద్దాలతో ఊరంతా చూస్తోంది కానీ, వీడి బాగు వీడికే కనిపించడం లేదు."

"బావా, మా ఓనరు ఐదింటికి వెళ్ళిపోతారు," అన్నాడు బావమరిది జేబు తడుముకుంటూ. "రాజీనామా ఇవాళే ఇచ్చేయమన్నావు కదా. గంట పర్మిషన్ అడిగొచ్చాను. ఇచ్చేయనా? నిజంగా ఇచ్చేయనా?"

"ఇద్దువుగానిరా, తొందరేం? ముందు కూర్చో. నువ్వు ఎలాంటి చోటుకి వెళ్తున్నావో, దాని వెనక ఎవరి కష్టముందో విని మరీ వెళ్ళు. అక్కా, నాలుగు టీలు. వాడికి పంచదార ఎక్కువ."

అక్క టీ పోసింది. రాజీనామా అన్న మాట ఆమె చెవిలో పడింది కానీ, ఎవరి సంసారం వాళ్ళదని ఊరుకుంది.

"మొదట్లో ఏముందిరా," అని ఎత్తుకున్నాడు మెకానిక్కు. "మూడంటే మూడు ఆదివారాలు. మీ అక్కయ్య కూరలు తెమ్మని చేతికి సంచీ ఇచ్చింది. ఆ సంచీ ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు ముందు కూర్చున్నా. మొదటి ఆదివారం పునాది, రెండో ఆదివారం గోడలు, మూడో ఆదివారం రంగులు. లేచేసరికి సైటు సిద్ధం. సంచీ ఖాళీ. ఆ రోజు మీ అక్కయ్య చేతిలో ఏమైందో తెలుసా? అది వేరే కథలే. మొదటిరోజే పదకొండుమంది చేరారు. ఓడ కెప్టెను ఒకాయన, పశువుల డాక్టరు, పాటలు నేర్పే టీచరమ్మ, అందరూ పెద్ద పెద్దవాళ్ళు."

"పదకొండు నమ్మొచ్చు," అన్నారు మాస్టారు, గ్లాసు అంచు తుడుచుకుంటూ.

"పదకొండు ఆ రోజుకి మాస్టారూ! మర్నాటికి వంద, వారానికి వెయ్యి. అంతమందిని మోయాలంటే మంచి కంప్యూటరు కావాలి కదా. మా దగ్గరున్నది పాతది. తీసుకెళ్ళి తొమ్మిదో అంతస్తు పైన లిఫ్టు మోటారు గదిలో పెట్టా. ఆ వేడికి అది పెనంలా కాలిపోతోంది, చెయ్యి పెడితే బొబ్బలు. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేనేం చేశానో తెలుసా? తెచ్చి లిఫ్టులోనే పెట్టేశా! పైకీ కిందికీ తిరుగుతుంటే గాలి దానంతటదే తగులుతుంది. ఎలా ఉంది?"

"అబ్బో, బుర్రంటే అదీ," అన్నాడు టైలరు. ఆయనకి ఎవరేం చెప్పినా ఇష్టమే, కుట్టుపని నుంచి తప్పించుకునే వీలుంటే చాలు.

"ఒక్కటే చిక్కొచ్చింది. లిఫ్టు పైకెళ్తుంటే సైటు పరుగులు తీసేది, కిందికి దిగుతుంటే నీరసపడిపోయేది. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు, 'అయ్యా, మా అమ్మాయి ఫోటో సగం వచ్చి ఆగిపోయింది, దయచేసి లిఫ్టు పైకి పోనివ్వండి' అని. నేను ఆఫీసువాళ్ళకి ఒకటే మాట చెప్పా. ఇకనుంచి ఎక్కడానికే లిఫ్టు, దిగడానికి మెట్లు. దిగారండీ! మేనేజరు కూడా దిగాడు, రెండు చేతుల్లో ఫైళ్ళు పట్టుకుని!"

"ఎప్పుడూ పైకే వెళ్ళే లిఫ్టు కిందికెప్పుడు వచ్చేదోయ్?" అన్నారు మాస్టారు.

"భోజనాల వేళ. అప్పుడు సైటులో జనం తక్కువ," అన్నాడు మెకానిక్కు, రెప్ప కూడా వెయ్యకుండా.

అక్కకి నవ్వొచ్చింది. పొయ్యి వైపు తిరిగి ఆపుకుంది. ఆయన కోతలంటే ఆమెకి చెప్పలేనంత ఇష్టం. రోజంతా పాలు పొంగకుండా చూసుకునే బతుకులో, హద్దూ పద్దూ లేకుండా పొంగేది ఆయన నోరొక్కటే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లక్ష దాటారు. మన నియమం సంగతి తెలుసు కదా, ఒకడు చేరితే లక్షమందీ పలకరించాలి. మాట వచ్చినప్పుడల్లా నా ఫోను ఒకసారి వణుకుతుంది. ఒకరోజు బల్ల మీద పెట్టి స్నానానికెళ్ళా. ఎవడో పుణ్యాత్ముడు అప్పుడే చేరాడు. లక్ష పలకరింపులు! ఫోను వణికి వణికి బల్ల దిగింది, గుమ్మం దాటింది, మెట్లు దిగింది, రోడ్డు మీద పడి బస్సెక్కేసింది. కండక్టరు టిక్కెట్టు అని వంగాడు. వంగి చూస్తే దాని తెర మీద తన పేరే ఉంది! చేరిన పుణ్యాత్ముడు ఆయనే మరి! దండం పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టి, చివరి స్టాపులో తనే దింపాడు. నేను తువ్వాలు కట్టుకుని ఆటోలో వెంటపడి వెళ్ళేసరికి, ఫోను నీడలో నిలబడి నాకోసం చూస్తోంది."

"నిలబడి?" అన్నాడు బావమరిది.

"మరి పడుకుంటుందా, అంత అలిసిపోయాక లేస్తుందా మళ్ళీ?"

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. బావమరిది మాత్రం నోరెళ్ళబెట్టి వింటున్నాడు. ఫోను నడిచిందా లేదా అన్నది అతనికి ముఖ్యం కాదు. ఫోను నడిచినంత మాత్రాన తనకి రాబోయే ఉద్యోగం అబద్ధమైపోదు కదా అన్నట్టు, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు.

"బావా, మరి ఆవిడ సంగతి చెప్పు," అన్నాడు. "నేను చేరబోయే చోటు."

"అదే వస్తున్నా. మాస్టారూ, మీరు నమ్మినా నమ్మకపోయినా సరే, మా సైటులో ఏడు హోటళ్ళ అమ్మగారని ఒకావిడ ఉంది."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ ఏడు హోటళ్ళ అమ్మగారు ఎవరో కాదు, గరిటె పట్టుకుని నిలబడ్డ ఈ అక్కే. ఏడాది కిందట మెకానిక్కు సైటు చిరునామా అచ్చేయించి కొట్టు స్తంభానికి అంటిస్తే, పాపం ఎవరూ చూడటం లేదు కదా అని జాలిపడి చేరింది. తెలిసినవాడి సైటు కదా, సిగ్గేసి అసలు పేరు రాయలేదు. ఏం చేస్తారు అని అడిగితే హోటల్ అని రాసింది. ఎన్ని అని ఇంకో గడి అడిగింది. ఒకటి అని రాయడానికి ఎందుకో మనసొప్పలేదు. ఏడు నొక్కింది. నొక్కాక తనకే బాగుందనిపించింది.

చేరగానే పదకొండుమంది పలకరించారు. మూడోరోజుకే అక్కకి సంగతి తెలిసిపోయింది. చివరి బల్ల మీద మెకానిక్కు వీపు ఇటు తిప్పుకుని ఫోను మీద బొటనవేళ్ళు ఆడించేవాడు. ఆయన వేళ్ళు ఆగీ ఆగగానే, పంచదార డబ్బా పక్కనున్న అక్క ఫోను గుర్రుమనేది. ఓడ కెప్టెనూ ఆయనే, పశువుల డాక్టరూ ఆయనే, పాటల టీచరమ్మా ఆయనే. సైటులో బయటి మనిషి తనొక్కతే.

తెలిసీ ఊరుకుంది. ఎందుకంటే ఆ పదకొండుమందీ అడిగినట్టు ఆమెని ఎవరూ ఏదీ అడగరు. భర్త లారీ మీద పదిహేనేసి రోజులు పోతాడు. ఫోన్ చేస్తే "ఆ, తిన్నా, పెట్టేస్తున్నా" అంటాడు. మంచివాడే, మాటే తక్కువ. సైటులో అయితే పశువుల డాక్టరు ఆమె మడమ నొప్పి తగ్గిందా అని రోజూ అడుగుతాడు. టీచరమ్మ ఇవాళ ఏ రంగు చీర కట్టారని అడుగుతుంది. కెప్టెను సముద్రం సంగతులు చెబుతాడు, ఆయన సముద్రం మొహం చూసి ఎరగడని ఆమెకి తెలిసినా సరే. బదులుగా తనూ హోటళ్ళ సంగతులు చెప్పేది. వంటవాళ్ళు మానేశారనీ, మూడో హోటలుకి రంగులేయిస్తున్నాననీ. ఆయన కోస్తున్నాడు, నేనూ కోస్తున్నా, ఎవరికి నష్టం అనుకునేది.

"ఆవిడంటే మామూలు మనిషి కాదు," అంటున్నాడు మెకానిక్కు. ఆయన గొంతు కొంచెం తగ్గింది. కోతలు కోసేటప్పుడు తగ్గే గొంతు కాదది. "ఏడు హోటళ్ళు, ఒక్కోటి ఇరవై అంతస్తులు, అన్నింట్లో కలిపి నలభై లిఫ్టులు. అంత ఉండి కూడా, పొద్దున మన పలకరింపు రానిదే టీ ముట్టదు. ఆవిడే రాసింది. నా చేత్తో కట్టిన దాంట్లో అంతటి మనిషి రోజూ వచ్చి కూర్చుంటుందిరా. ఇంకేం కావాలి?"

పొద్దున పలకరింపు రానిదే టీ ముట్టదన్న మాట అబద్ధం కాదు.

"ఆవిడకి నీ సంగతి చెప్పించా. అంటే, మన కెప్టెను గారు చెప్పారు. బుద్ధిమంతుడు, పెద్ద చోట పని దొరికితే బాగుంటుంది అని. వెంటనే ఏం రాసిందో తెలుసా? ఏడింటి మీదా మేనేజరుగా వేసుకుంటా, ఒకటో తారీఖుకి పంపించండి, కారు నేనే పంపిస్తా అని! నేను దాచి ఉంచాన్లే, చూపిస్తా ఉండు."

రాసింది అక్కే. పది రోజుల కిందట, సాయంత్రం బేరాలు తగ్గాక, మంచి ఊపు మీదుండి రాసింది. లేని కెప్టెను లేని బంధువు గురించి అడుగుతున్నాడు కదా, లేని హోటల్లో లేని ఉద్యోగం ఇస్తే పోయేదేముంది అనుకుంది. ఆ బంధువు ఇలా వేళ్ళ సందుల్లో పొడితో, జేబులో కాగితంతో వచ్చి తన కొట్లోనే పంచదార ఎక్కువేసిన టీ తాగుతాడని కల కనలేదు. మెకానిక్కు చెప్పే కోట్ల కోతల్లో నిజమని ఆయన గట్టిగా నమ్మింది ఒక్కటే ఉంది. అది తను కోసిన కోత.

గడియారం చూసింది. నాలుగూ ముప్ఫై రెండు.

"బాబూ," అంది బావమరిదితో, గిన్నె తుడుస్తున్నట్టు నటిస్తూ. "పదకొండేళ్ళ పని అంటున్నావు. ముందు ఆ హోటలేదో కళ్ళారా చూసి, ఆ తర్వాత మానేస్తే పోలా?"

"బావ చెప్పాడండీ, ఆవిడ చాలా పెద్దావిడట," అన్నాడతను.

"పెద్దవాళ్ళయితే మాత్రం? హోటళ్ళవాళ్ళు ఏదో ఉత్సాహంలో అనేస్తారు. అన్నవన్నీ జరుగుతాయా?"

మెకానిక్కు గ్లాసు టక్కున కింద పెట్టాడు. "అక్కా, ఏమనుకోకు. నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ టీ కొట్టు వేరు, ఏడు హోటళ్ళు వేరు. ఆవిడ స్థాయి నీకెలా తెలుస్తుంది? ఆవిడ మాటంటే మాటే. ఆవిడని ఒక్క మాటన్నా నేను పడను."

తనని తన ముందే వెనకేసుకొస్తూ తననే తిడుతున్న మనిషిని ఏమనాలో అక్కకి తోచలేదు. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దానితోపాటు కాస్త గర్వం కూడా వచ్చింది, అదే సిగ్గుగా ఉంది.

"మొన్న మాకు చెప్పిన ఆ యుద్ధం సంగతి చెప్పండి," అని గుర్తుచేశాడు టైలరు, ఈ గొడవలో అసలు కథ ఎక్కడ పోతుందోనని.

"ఆ, యుద్ధం! కోటి దాటాక మాట అది. రెండు దేశాలు. పేర్లెందుకులే, వాళ్ళు నన్ను నమ్మారు. సరిహద్దు దగ్గర అటు లక్ష సైన్యం, ఇటు లక్ష సైన్యం. పొద్దున ఆరింటికి కొట్టుకోవాలి. ఖాళీగా ఉండి ఏం చేస్తారు, ఇటువాడొకడు మన సైటులో చేరాడు. నియమం ప్రకారం అటువాళ్ళు పలకరించాలి కదా! పలకరించారు. అన్నం తిన్నావా అన్నారు. వీడు తినలేదన్నాడు. అయ్యో అన్నారు. ఆరయింది, ఏడయింది, ఒక్కడూ తుపాకీ ముట్టుకోడే! అటు సేనాధిపతీ ఇటు సేనాధిపతీ కలిసి ఒకే ఫోనులో నాకు ఫోను. 'అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాం, ఒక్కరోజు సైటు కట్టేయండి, మా యుద్ధం మేం చేసుకుంటాం!'"

"కట్టేశావా?" అన్నాడు బావమరిది.

"నేనా? లిఫ్టులో నూనె పోసే పనిలో ఉన్నా, సాయంత్రం ఫోన్ చేయండన్నా. సాయంత్రానికి వాళ్ళిద్దరూ కూడా చేరిపోయారు."

"మొత్తం ఎంతమందంటావు ఇప్పటికి?" అన్నారు మాస్టారు. ఆయన వేలితో బల్ల మీద ఏదో లెక్క వేస్తున్నారు.

"తొమ్మిది వందల కోట్లు."

"భూమ్మీద అంతమంది లేరు."

"లేరు మాస్టారూ, మీ లెక్క కరెక్టే. మిగతావాళ్ళు పుట్టబోయేవాళ్ళు. కడుపులో ఉండగానే పేరు రాయించేసుకుంటున్నారు, తర్వాత చోటు దొరకదని. మొన్నొక పిల్లాడు పుట్టగానే ఏడవలేదట. డాక్టర్లు కంగారుపడితే, నర్సు వచ్చి చెప్పిందట, కంగారు లేదండీ, వాడు ఇంకా పలకరింపులకి జవాబులిస్తున్నాడు అని!"

టైలరు బల్ల చరిచి చరిచి నవ్వాడు. మాస్టారు కూడా ఓడిపోయి నవ్వేశారు. బావమరిది నవ్వి, గడియారం చూసి, లేచి నిలబడ్డాడు.

"పది తక్కువ ఐదు. వెళ్తాను బావా. ఇచ్చేసి ఇంటికొస్తా. అక్కయ్యకి నేనే చెప్తాలే."

ఆ క్షణాన అక్కకి రెండూ ఒకేసారి కళ్ళముందు కనిపించాయి. నోరు విప్పితే ఏడు హోటళ్ళూ పోతాయి, నలుగురిలో నవ్వులపాలవుతుంది. అది ఎలాగో పడుతుంది. కానీ రేపటినుంచి మడమ సంగతి అడిగేవాళ్ళుండరు, చీర రంగు అడిగేవాళ్ళుండరు. పదకొండుమందీ ఒక్కసారే పోతారు. విప్పకపోతే ఈ మనిషి ఒకటో తారీఖు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి చివర నిలబడతాడు, రాని కారు కోసం.

ముందు దొడ్డిదారి ప్రయత్నించింది. "తమ్ముడూ, ఒక్క మాట. పోయిన నెల నీకు కామెర్లొచ్చి తొమ్మిది రోజులు పడుకున్నావు కదా. ఆ తొమ్మిది రోజులూ నీ తొమ్మిది వందల కోట్లమందిలో ఒక్కరి నోరైనా లేవలేదేం? అందరికీ కామెర్లేనా?"

టైలరు నవ్వు ఆపాడు. బావమరిది వెనక్కి తిరిగాడు. మెకానిక్కు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే.

"ఏం చెప్పమంటావక్కా," అన్నాడు గొంతు బరువు చేసుకుని. "నేను కోలుకునే దాకా ఎవరూ మాట్లాడకూడదని వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. తొమ్మిది రోజులు, తొమ్మిది వందల కోట్లమంది మౌనం! తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి."

బావమరిది కళ్ళు నిజంగానే చెమర్చాయి. "వస్తాను బావా," అని మెట్టు దిగాడు.

కోతలు కోసేవాడిని నిజం చెప్పి పట్టుకోలేమని అక్కకి అప్పుడు అర్థమైంది. నిలదీసిన ప్రతి నిజాన్నీ ఇంకో కోతకి పునాది చేసుకుంటాడు. ఆయన నమ్మిన అబద్ధాన్నే తీసేయాలి. పంచదార డబ్బా పక్కనుంచి ఫోను తీసింది. తడి చేతులు చీరకి తుడుచుకుని, నిలబడే ఏదో టైపు కొట్టింది.

చివరి బల్ల మీదున్న మెకానిక్కు ఫోను టింగుమంది.

"చూశారా!" అన్నాడాయన మొహం వెలిగిపోయి. "ఆవిడే! ఏడు హోటళ్ళ అమ్మగారే! ఒరేయ్, ఆగరా, విని వెళ్ళు, నీ గురించే అయ్యుంటుంది." ఫోను ఎత్తి పట్టుకుని, అందరికీ వినపడేలా గట్టిగా చదివాడు. "'తమ్ముడూ, ఆ హోటళ్ళు లేవు. రాసింది నేనే. నీ ఎదురుగా పొయ్యి దగ్గర నిలబడి ఉన్నా. ఆ అబ్బాయిని పనికి పంపించు.'"

చదవడం అయ్యాకగానీ చదివిందేమిటో ఆయనకి బుర్రకెక్కలేదు. ఫోను చూశాడు. పొయ్యి వైపు చూశాడు. అక్క ఫోను పైకెత్తి చూపించింది.

ఎవరూ నవ్వలేదు. టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు. పాలు పొంగబోతుంటే అక్కే వంగి మంట తగ్గించింది.

"క్షమించు బాబూ," అంది బావమరిదితో. "నువ్వున్నావని నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కాదు."

అతను జేబులోంచి కాగితం తీశాడు. దాన్నీ, బావనీ, అక్కనీ మార్చి మార్చి చూశాడు. అరుస్తాడేమో అనుకున్నారంతా. అరవలేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలు మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"బల్ల మీద ఇంకా మూడు జతల అద్దాలున్నాయి," అన్నాడు. "రేపటికి ఇవ్వాలి." రెండడుగులు వేసి ఆగాడు. "బావా, ఇంటికి కాస్త ఆలస్యంగా రా. ముందు నేను అక్కయ్యతో మాట్లాడతా." ఆ మాటలో బెదిరింపు ఎంతో, కనికరం ఎంతో తెలియలేదు. గబగబా వెళ్ళిపోయాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మొత్తానికి ఆ తొమ్మిది వందల కోట్లలో..." అని మొదలుపెట్టి, మెకానిక్కు మొహం చూసి, మిగతా లెక్క మింగేశారు.

మెకానిక్కు మాస్టారి మాట వినలేదు. నవ్వినా వినేవాడు కాదు. ఇన్నేళ్ళలో ఎంతమంది వెక్కిరించినా దులిపేసుకున్న మనిషి, ఇప్పుడు మాత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలో సరుకు పోయినవాడిలా కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు. "మూడో హోటలుకి రంగులేయించావు కదా. నేను రంగు కూడా చెప్పాను, లేత ఆకుపచ్చ అని. అది కూడా లేదా?"

"లేదు తమ్ముడూ."

"ఒక్కటి కూడా?"

ఆయన గొంతు విని అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. జాలి తనమీదో, ఆయనమీదో ఆమెకే తెలియలేదు. అయినా అడగాల్సింది అడిగేసింది.

"నీ పదకొండుమందిలో ఒక్కరైనా ఉన్నారా?"

మెకానిక్కు నోరు తెరిచాడు. కెప్టెను ఓడ మునిగినా, టీచరమ్మకి గొంతు పోయినా, ఏదో ఒకటి చెప్పగల నోరది. టైలరు ఆశగా ముందుకి వంగాడు. నోరు కాసేపు అలాగే తెరుచుకుని ఉండి, మూసుకుంది.

"లేరక్కా," అన్నాడు.

"అయితే మొత్తం సైటులో ఉన్నది మనిద్దరమే," అంది అక్క.